కవర్ల బావ కట్టిన గోడ

మా అక్కకు కాబోయే మొగుడు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. ఆయన జుట్టు మాత్రం నీళ్ళోడుతోంది. నాన్న తలుపు తీసి, ఆయన్నీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, "బయట వాన గానీ పడుతోందా బాబూ?" అని అడిగాడు. "లేదండీ, పని నుంచి వస్తున్నాను" అన్నాడాయన, అంతకు మించి చెప్పేదేముంది అన్నట్టు. నేను వంటింట్లోకి పరిగెత్తి, నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. ఆ రోజు నుంచీ ఆయన్ని ఏడిపించే బాధ్యత నా నెత్తి మీద వేసుకున్నాను.

ఆ పనేమిటో తెలిశాక ఇంకా నవ్వొచ్చింది. పాత ఫ్యాక్టరీల్లో ఆవిరి గొట్టాల చుట్టూ, బాయిలర్ల మీదా వేడి పోకుండా ఒకప్పుడు రాతినార చుట్టేవారట. ఆస్‌బెస్టాస్ అంటే అందరికీ తెలుస్తుంది. దాన్ని ఊడదీసి, సంచుల్లో మూటగట్టి పంపించేయడం బావ పని. ఊడదీయడం కొద్దిసేపే. దానికి ముందు ప్లాస్టిక్ పట్టాలతో గది లోపల ఇంకో గది కట్టి, ప్రతి అంచుకూ టేపు వేసి, ఆ టేపు మీద మళ్ళీ టేపు వేసి, చీమ దూరే సందు కూడా లేకుండా చేయడానికి రోజులకు రోజులు పట్టేది. "మీ ఆయన కవర్లు అతికించుకుని బతుకుతున్నాడే" అనేదాన్ని అక్కతో. అలా ఆయన కవర్ల బావ అయ్యాడు. అక్క మొదట్లో మూతి ముడిచేది గానీ, కొన్నాళ్ళకు కోపం వచ్చినప్పుడల్లా తనూ అదే పేరు వాడుకోసాగింది.

మనిషి మెత్తనే గానీ చాదస్తం పాలు ఎక్కువ. రోజూ నున్నగా గడ్డం గీసుకోవాల్సిందే. గడ్డం మాసితే మూతికి తొడిగే ముసుగు చర్మానికి అతుక్కోదట, పక్కలనుంచి గాలి దూరుతుందట. పెళ్ళి ఫోటోలో కాస్త మీసమైనా ఉంటే బాగుంటుందని అక్క ఎంత బతిమాలినా వినలేదు. పనిలో తొడుక్కున్న బట్ట ఒక్కటి ఇంటికి తెచ్చేవాడు కాదు, చెప్పులతో సహా. అక్కడే విప్పి, అక్కడే తలస్నానం చేసి, వేరే బట్టల్లో వచ్చేవాడు. అందుకే ఎప్పుడు చూసినా తడి తల.

"మీకు మా ఇంటి నీళ్ళు పడవా బావగారూ?" అని ఒకరోజు నవ్వుతూనే అడిగాను.

ఆయన చేతిలోని గ్లాసు పక్కన పెట్టి, వాళ్ళమ్మ సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న గొట్టాలకు రాతినార చుట్టే పనివాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉండేవాడట. అమ్మ గడప దగ్గరే ఎదురై చొక్కా విప్పించి, ఎండలో నిలబడి రెండు చేతులా పట్టుకుని ఫట్ ఫట్‌మని దులిపేది. ఆ దుమ్ము వెలుతురులో తళతళలాడుతూ రాలుతుంటే బావ దాని కింద గంతులేసేవాడు.

"మా నాన్న ముసలాడై, నిద్రలో పోయాడు" అన్నాడు బావ. "అమ్మ ఆ ఫ్యాక్టరీ గడప కూడా తొక్కలేదు. ఊపిరితిత్తుల జబ్బొచ్చింది అమ్మకు. అది చొక్కాల నుంచి వచ్చిందని డాక్టరు చెప్పేదాకా మాకెవరికీ తెలీదు."

నా నోటికి తాళం పడింది. మళ్ళీ తెరుచుకుందనుకోండి, అది వేరే సంగతి. కానీ తడి తల మీద హాస్యమాడిన ప్రతిసారీ ఆ గడపా, ఆ చొక్కా గుర్తొచ్చేవి.

నేను కాలర్లు కుడతాను. అక్కా నేనూ ఒకే కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. అక్క మా లైనుకు పెద్ద. హాలు నిండా మిషన్లు, చివరన ఇస్త్రీ బల్లలు, ఆ వెనక ఇస్త్రీలకు ఆవిరి పంపే బాయిలరు గది. ఆ గదిలో తలుపు పక్కనుంచి నడుం ఎత్తున ఒక లావుపాటి గొట్టం పోయేది. దాని మీద మందంగా, బూడిద రంగులో, దుప్పటి చుట్టినట్టు ఏదో పూత ఉండేది. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. మేమంతా మా అన్నం డబ్బాలు దాని మీద వరసగా పేర్చుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి అన్నం పొయ్యి మీంచి దించినట్టే ఉండేది. ఎవరికి వాళ్ళం చోటు కూడా ఖాయం చేసుకున్నాం. డబ్బాలు పెట్టీ తీసీ ఆ పూత అంచులు చిరిగి, పీచులు వేలాడుతుంటే, డబ్బా మీద పడ్డ పొడిని ఉఫ్ మని ఊదేసి తినడానికి కూర్చునేవాళ్ళం.

ఒకరోజు బావ అక్క కోసం వచ్చి ఆ గది దాకా నడిచాడు. డబ్బాల వరస చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు, మెల్లగానే. ఆ గొంతు విని ఇస్త్రీ చేసే వాళ్ళు కూడా చేతులు ఆపేశారు. మా డబ్బాలు మాకు తిరిగి రాలేదు. మా మేనత్త ఇచ్చిన మూడంతస్తుల డబ్బా దాంట్లోనే పోయింది.

మేనేజరు మంచివాడే. పై వాళ్ళతో పోరాడి ఆ గొట్టం ఊడదీసే పని బావ వాళ్ళకే ఇప్పించాడు. హాలు మూసేయమని బావ అడిగాడు. సరుకు పంపాల్సిన గడువు దగ్గర పడింది, మూయడం కుదరదని పై నుంచి కబురొచ్చింది. బావ చాలాసేపు హాలునీ, మమ్మల్నీ, చివరికి అక్కనీ చూశాడు. "అయితే నా గోడ నిలబడాలి" అన్నాడు.

ఆ గోడ కట్టడం మేమంతా ఓరకంట చూస్తూనే ఉన్నాం. బావా, ఆయన జోడీ ఒక పెద్దాయనా బాయిలరు గది లోపలంతా, గోడలకీ పైకప్పుకీ నేలకీ పట్టాలు పరిచి, హాలు వైపు తలుపు ఉన్నచోట దళసరి పట్టాతో ఒక గోడ నిలబెట్టారు. లోపలేం జరుగుతోందో కనిపించడానికి అందులో ఒకచోట అద్దంలాంటి పారదర్శకమైన ముక్క అతికించారు. రాకపోకలకు పెరటి వైపున ఒకదాని వెనక ఒకటి చిన్న చిన్న అరలు, వాటి మధ్య స్నానాల అర. గాలి పరీక్షలు చేసే అమ్మాయి వచ్చి, బ్యాటరీతో నడిచే ఒక చిన్న పంపు అక్క బల్ల మీద పెట్టింది. మేం పీల్చే గాలినే అదీ పీలుస్తుందనీ, దాని మూతిలోని వడపోత కాగితాన్ని తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తామనీ చెప్పింది.

"ఇంత హంగామా ఈ బూజుకా బావా?" అన్నాను.

బావ జేబులోంచి, మూతికి మైనం పోసి మూసిన చిన్న గాజు సీసా తీశాడు. అందులో తెల్లటి నార ముక్క ఉంది, పట్టులా మెరుస్తూ. మిషన్లు ఆపి అందరం చుట్టూ చేరాం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దారంతో బతుకుతున్నవాళ్ళం కదా.

"ఇది రాయి" అన్నాడు బావ.

"రాయేంటి, దారమైతే!"

"రాయే. కొండలోంచి తవ్వి తీస్తారు. నిప్పులో వేసినా కాలదు. చీలిస్తే నారలా వస్తుంది. ఆ పోగును చీలిస్తే ఇంకా సన్నటి పోగు, దాన్ని చీలిస్తే ఇంకా సన్నం. మీ దారం ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇది కంటికి కనబడనంత సన్నమైనా పోగు పోగే. అప్పుడిక కింద పడదు, గాల్లో తేలుతూనే ఉంటుంది. లోపలికి పోతే కరగదు."

నేను ఆ సీసాను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను. ఎవరూ వడకకుండా, ఎవరూ ఏకకుండా, ఒక కొండ కడుపులో చీకట్లో ఇంత నున్నటి దారం తయారై కూర్చుందా అని ఒళ్ళు జలదరించింది. అంత అందమైన దారం నేనెప్పుడూ కుట్టలేదు. దాన్ని చూసి భయపడాలని కూడా కాసేపు గుర్తు రాలేదు.

పని మొదలయ్యే రోజు బావ, గాలి లాగే మిషను వేశాడు. అది లోపలి గాలిని గుంజుకుని, వడకట్టి, పెరటి వైపు బయటికి పంపుతుంది. హుమ్‌మని చప్పుడు మొదలైందో లేదో, నిటారుగా ఉన్న ఆ పట్టా గోడ మొత్తం మెల్లగా లోపలికి వంగింది. ఎవరో గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టినట్టు. బావ ఒక చిన్న గొట్టంలోంచి పొగ వదులుతూ అంచుల వెంట నడిచాడు. ఆ పొగ ఎక్కడా మా వైపు రాలేదు. గాలి కోసం వదిలిన చిన్న తలుపు రెక్క దగ్గరకు రాగానే, సూది బెజ్జంలోకి దారం పోయినట్టు సన్నగా సాగి లోపలికి పోయింది. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక గోడ ఊపిరి పీల్చడం నేను అదే మొదటిసారి చూడటం.

బావ అక్కను పిలిచి చెప్పాడు. "ఇది లోపలికి వంగి ఉన్నంతసేపూ మీకేం కాదు. గాలి అంతా అటే పోతుంది, ఇటు రాదు. ఎప్పుడైనా వదులైతే మాత్రం దీని దగ్గరికి రావద్దు. అందర్నీ తీసుకుని బయటికి వెళ్ళిపో. మమ్మల్ని బయటికి లాగాలని చూడొద్దు." హాలు మెయిన్ స్విచ్చు మీట మీద ఎర్ర టేపు చుట్టాడు. గాలి లాగే మిషనుకు కరెంటు అక్కడినుంచే వస్తోంది. "దీని మీద చెయ్యి వేయొద్దు."

"సరే సరే, ఎన్నిసార్లు చెప్తారు? చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు" అంది అక్క.

ఇక్కడ మా హాలు అలవాటు ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరూ లేచిపోతారు. ఒక్కొక్కరూ తమ మిషను ఆపరు. లైను పెద్ద చివరన వెళ్తూ మెయిన్ మీట ఒక్కటి కిందికి లాగుతుంది. అక్క ఏళ్ళ తరబడి రోజూ అదే చేసింది. చెప్పులు తొడుక్కున్నంత సహజంగా చేసేది.

ఆ రోజు గంట కొట్టింది. అందరూ బయటికి పోయారు. నేను సగం కుట్టిన కాలరు ముగిద్దామని కూర్చున్నాను. అక్క నాతో ఏదో చెబుతూ, నా వైపే చూస్తూ నడిచి, చెయ్యి పైకి చాచి మీట లాగేసింది.

వేళ్ళ కింద టేపు తగిలేసరికే పని అయిపోయింది. హాలంతా నిశ్శబ్దం. అందులో ఒక నిశ్శబ్దం మాత్రం కొత్తది. హుమ్ మనే ఆ చప్పుడు లేదు.

"అయ్యో!" అని అక్క మీట పైకి తోసింది. మిషన్ల స్విచ్చులన్నీ వేసే ఉన్నాయి. ఒక్కసారిగా భారం పడి ఫ్యూజు డబ్బాలోంచి నీలం రంగు మంట ఫట్‌మని లేచింది. కాలిన వాసన. ఫ్యూజు పోయింది. మళ్ళీ ఎన్నిసార్లు తోసినా ఉలుకూ పలుకూ లేదు.

ఇద్దరం గోడ వైపు తిరిగాం. అది వదులైంది. ఆరేసిన దుప్పటిలా జారి, నిటారుగా నిలబడి, ఏ గాలికో ఏమో ఒకసారి కొద్దిగా మా వైపుకు ఉబ్బింది.

కేక వేస్తూ బయటికి పరిగెత్తాను. మేనేజరు ఎదురై, సంగతి వినీ వినకముందే ఎలక్ట్రీషియన్ను వెతకడానికి తనే పరుగు తీశాడు. ఎవరూ లోపలికి రావద్దని మా వాళ్ళకు చెప్పి, అక్కను లాక్కుపోదామని నేను తిరిగి వచ్చాను. అక్క ఆ పారదర్శకమైన ముక్క ముందు నిలబడి ఉంది. కదలదే! నేనూ లోపలికి చూశాను.

బావా పెద్దాయనా గొట్టం పక్కన నిలబడి ఉన్నారు. గొట్టం సగం ఒలిచేసి ఉంది. బావ చేతిలో అప్పుడే ఊడదీసిన పెద్ద పెచ్చు ఉంది. దాన్ని ఆయన నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా సంచిలోకి దించాడు. ఇద్దరూ కంగారు పడలేదు. చేతి పంపుతో సన్నటి నీటి తుంపర గొట్టం మీదా, పెచ్చుల మీదా, గాల్లోకీ కొట్టారు. గాలి వచ్చే రెక్కలు దించి లోపలినుంచి టేపు వేశారు. ఆ తర్వాత నేల మీద కూర్చుని ఇక కదలడం మానేశారు. కదిలితే గాలి కదులుతుంది. గాలి కదిలితే ఆ పీచు లేస్తుంది. పెరటి అరల గుండా బయటికి నడిచినా అంతే.

బావ తన టార్చి పైకి పట్టి వెలిగించాడు. అప్పుడు కనిపించింది. ఆ వెలుతురు బాటలో లక్షల మెరుపులు, వెండి పొడిలా, సద్దు లేకుండా తిరుగుతున్నాయి. చాలా నెమ్మదిగా, ఒక్కొక్కటే తడిసి, బరువెక్కి, కిందికి దిగుతున్నాయి. వాటి మధ్య ఆ ఇద్దరూ రాతి బొమ్మల్లా కూర్చున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతోనో, ఆ అందానికో, ఆ ఓపిక చూసో, నాకు ఇప్పటికీ తెలియదు. ఇంతటి నిబ్బరం ఉన్న మనిషినా నేను కవర్లు అతికించేవాడని నవ్వింది!

ఇంతలో పెద్దాయన తల ఒక పక్కకు వాలింది. ఒళ్ళంతా కప్పే ఆ తొడుగుల్లో, ఇంకా చల్లారని బాయిలరు పక్కన, ఎంత ఉక్కగా ఉంటుందో.

"చచ్చిపోతారే లోపల!" అంది అక్క. మెడలో తాడుకు వేలాడే దారాలు కత్తిరించే చిన్న కత్తెర చేతిలోకి తీసుకుంది. నేను "అక్కా!" అనేలోగా దాని మొన పట్టాలో దిగింది.

బావ లేచాడు. పరిగెత్తలేదు. అదే నన్ను ఈనాటికీ వదలదు. పెళ్ళాం గోడ కోస్తుంటే, ఆయన నీళ్ళలో నడిచినట్టు అడుగు తీసి అడుగు వేస్తూ వచ్చాడు. వచ్చి, కత్తెర మొన దిగినచోట అరచెయ్యి పెట్టి నొక్కాడు. ఆమె కత్తెర వెనక్కి తీసింది. ముసుగులోంచి మాట వినపడదు. ఆయన రెండో చెయ్యి పిడికిలి బిగించి, ఆ అరచేతి పక్కకు తెచ్చి, గాల్లో చొక్కా పట్టుకుని దులిపినట్టు ఒక్కసారి చిన్నగా ఆడించాడు. ఆ తర్వాత వేలు అక్క గుండె వైపు చూపించాడు. తల అడ్డంగా ఊపాడు.

అక్క చేతిలోంచి కత్తెర జారిపోయింది. అత్తగారిని ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ ఆ గడప దగ్గర దులిపిన చొక్కాలన్నీ అప్పుడు ఆమెకు కనిపించాయని నాకు తెలుసు. ఆ చిల్లు మీద, ఆయన చేతికి ఎదురుగా తన అరచెయ్యి అదిమిపెట్టింది. బావ తలుపు వైపు చూపించి వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు. మళ్ళీ చూపించాడు. "వెళ్ళను" అంది, వినపడదని తెలిసీ. పెద్దాయన తల ఎత్తాడు. బతికే ఉన్నాడు. కూర్చున్నచోటి నుంచే టేపు చుట్ట మెల్లగా నేల మీద దొర్లించాడు.

బావ టేపు అంటించాక కూడా ఇద్దరి చేతులూ అక్కడే ఉన్నాయి, మధ్యలో ఆ పల్చటి పట్టా. నేను ఊపిరి పీల్చడానికి కూడా జంకుతూ నిలబడ్డాను.

ఎంతసేపటికో హుమ్‌మని మొదలైంది. గోడ ఒక్క వణుకు వణికి, బిగిసి, అక్క అరచేతిని వదిలి లోపలికి వంగింది. వంగి బావ ఒంటికి అతుక్కుపోయింది. ఆయన అయిదు వేళ్ళూ అచ్చు వేసినట్టు కనిపించాయి. అక్క చెయ్యి మాత్రం గాల్లో అలాగే ఉండిపోయింది.

ఆ రోజు ఇక మిషన్లు నడవలేదు. పని ముగిసేదాకా హాలు తెరిచే ప్రసక్తే లేదని మేనేజరు పై వాళ్ళ ముఖాన చెప్పేశాడు. గాలి పరీక్షల అమ్మాయి అక్క బల్ల మీది పంపు తీసుకుని వెళ్ళింది. అది బ్యాటరీది కాబట్టి అంతసేపూ మాతో పాటే గాలి పీలుస్తూ ఉంది. మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ పెరట్లో ఆ అమ్మాయి అక్క ముందుకు వచ్చి నిలబడింది. "కాగితమంతా వెతికానక్కా. మీ నూలు పోగులు తప్ప ఏం లేవు" అంది. అక్క అక్కడే గట్టు మీద కూలబడింది.

బావ అప్పుడే పని ముగించి, స్నానాల అర దాటి, వేరే బట్టల్లో బయటికి వచ్చాడు. జుట్టు నీళ్ళోడుతోంది. ఎండ మండిపోతోంది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను, వాన పడుతోందా బావా అందామని. తీరా తెరిచాక ఆయన ముందు తల వంచాలనిపించింది గానీ, మరదలినైపోయాను.

అక్క తువ్వాలు తీసుకుని ఆయన తల పట్టుకుని, అందరూ చూస్తుండగా బరబరా తుడవడం మొదలుపెట్టింది.

"ఎర్ర టేపు చుట్టాను కదే" అన్నాడు బావ, తువ్వాలు లోపలి నుంచి.

"నా చెయ్యి నా మాట వినలేదు. మీరు మాత్రం, ఇది చస్తే చావనీ అని ఊరుకోవచ్చుగా, కవర్ల మనిషీ!" అని తిడుతూ, ఏడుస్తూ, ఇంకా గట్టిగా తుడిచింది.

తుడిచి, ఆ తువ్వాలును రెండు చేతులా పట్టుకుని, పెరటి గడప మీద నిలబడి ఎండలోకి ఫట్‌మని దులిపింది. బావ ఒక్కసారి ఉలిక్కిపడి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చిన్నపిల్లాడిలా తల ఎత్తి, కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాడు. ఎండలో తళతళలాడుతూ రాలినవన్నీ నీటి చుక్కలే.